మా బిడ్డ టీచరమ్మ కావాలి, అయ్యగారూ!



ఉప్పల్, నాచారం మీదుగా వచ్చి, ఈసీఐఎల్ చౌరస్తా దాటి కీసర వైపు వెళ్లే దారిలో మా నాగారం ఉన్నది. మా సంఘంలో ఎక్కువమంది పల్లెల నుండి బతుకుదెరువు కోసం వచ్చినవారే. తండ్రులు నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేస్తారు. తల్లులు కుట్టుపని, ఇంటిపని చేస్తారు. అలాంటి ఇళ్లలో ఆడపిల్ల డిగ్రీ పూర్తి చేసిందంటే తల్లిదండ్రుల నోట వచ్చే మొదటి మాట, "మా బిడ్డ టీచరమ్మ కావాలి, అయ్యగారూ, ప్రార్థన చేయండి" అనేదే.

ప్రార్థన తప్పక చేస్తాము. అయితే ప్రార్థన చేసి లేచిన తరువాత చదవవలసిన కాగితం ఒకటి ఉన్నది. ఆ కాగితం పేరు ప్రవేశ నిబంధనలు. దానిని సకాలంలో చదవనందువలన మన కుటుంబాలు ఎంత నష్టపోతున్నాయో కళ్లారా చూచాను. ఒకసారి ఆ నష్టానికి నేనే కారకుణ్ణి అయ్యాను. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక ఆదివారం సంగతి

2024 ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ వెళ్లిపోయినా ఒక తండ్రి మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన భార్య, డిగ్రీ ముగించిన కూతురు. అతని చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దాని నిండా సర్టిఫికెట్లు.

"అయ్యగారూ, జర ఈ కాయితాలు చూడుర్రి. ఒకాయన బీఎడ్ సీటు ఇప్పిస్తనంటున్నడు. వేరే రాష్ట్రంల కాలేజీ అంట. బిడ్డ పోవాల్సిన పని లేదంట. పరీక్షలకు పోతే సాలంట. పైసలు సగం ఇప్పుడు, సగం సర్టిఫికెట్ అచ్చినంక" అన్నాడు.

నేను ఆ అమ్మాయి వైపు చూచాను. ఆమె మా సండే స్కూల్లో చిన్నపిల్లల తరగతికి నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నది. ఏడుస్తూ వచ్చిన పిల్లవాడు ఆమె ఒడిలో కూర్చోగానే ఊరుకుంటాడు.

"అమ్మా, నీకు ఏ పిల్లలకు చెప్పాలని ఉంది? చిన్నవాళ్లకా, హైస్కూలు పిల్లలకా?" అని అడిగాను.

"చిన్నపిల్లలకే అయ్యగారూ. అక్షరాలు దిద్దించాలె" అన్నది.

ఆ మాట వినగానే నా గుండె ఒక్కసారి బరువెక్కింది. ఎందుకంటే అదే ప్రశ్నను కొన్నేళ్ల క్రితం మరొక యౌవనుణ్ణి నేను అడగలేదు.

నేను ఇచ్చిన తప్పు సలహా

2019లో మా సంఘ యౌవనుడొకడు నా దగ్గరకు వచ్చాడు. పల్లెటూరి ప్రాథమిక బడిలో టీచరు కావాలని అతని ఆశ. "డీఎల్ఈడీ చదవమంటారా, బీఎడ్ చదవమంటారా?" అని అడిగాడు. అప్పటికి ఒక సంవత్సరం ముందు, 2018 జూన్ 28న, ఎన్‌సీటీఈ అనబడే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఒక ప్రకటన చేసింది. బీఎడ్ చదివినవారు కూడా 1 నుండి 5 తరగతులకు టీచర్లు కావచ్చు, ఉద్యోగంలో చేరాక 6 నెలల ప్రత్యేక శిక్షణ పొందితే చాలు అని దాని సారాంశం. ఆ సంగతి విన్న నేను, "బీఎడ్ అయితే రెండు వైపులా పనికి వస్తుంది తమ్ముడూ, అదే చదువు" అని ధైర్యంగా చెప్పాను.

అతడు అప్పు చేసి చదివాడు. కాని ఆ ప్రకటన నిలబడలేదు. 2021లో రాజస్థాన్ హైకోర్టు దానిని కొట్టివేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే నేర్పు, దానికి వేరే శిక్షణ కావాలి, బీఎడ్ ఆ శిక్షణ కాదు అని తేల్చింది. మా యౌవనుడు ఆశపడిన తలుపు అతని ముఖం మీదనే మూసుకున్నది.

"అయ్యగారూ, మీరు చెప్పినందుకే చేరిన" అని అతడు నాతో అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ప్రియులారా, ఈ అనుభవం వలన నేను నేర్చుకున్నది ఒక్కటే. సీటు ఎక్కడ దొరుకుతుందని మొదట అడగకూడదు. ఏ తరగతి పిల్లల ముందు నిలబడాలని ఉన్నదో మొదట అడగాలి. దానినిబట్టి చదువును, చదువునుబట్టి పరీక్షను, పరీక్షనుబట్టి కాగితాలను చూచుకోవాలి. మనం ఈ వరుసను తలకిందులు చేసి నష్టపోతున్నాము.

రెండు తలుపులు

మొదటి తలుపు డీఎల్ఈడీ. మన పెద్దలు టీటీసీ, డీఎడ్ అని పిలిచిన చదువే ఇప్పుడు ఈ పేరుతో ఉన్నది. ఇది 2 సంవత్సరాలు. దీనికి ఇంటర్మీడియట్ చాలు. 1 నుండి 5 తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ఎస్‌జీటీ ఉద్యోగానికి ఇదే దారి.

రెండవ తలుపు బీఎడ్. దీనికి డిగ్రీ కావాలి. పూర్వం ఇది 1 సంవత్సరమే. 2014లో ఎన్‌సీటీఈ చేసిన నిబంధనల వలన 2015 నుండి 2 సంవత్సరాలయింది. ఉన్నత పాఠశాలలో ఒక్కొక్క సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటు ఉద్యోగానికి ఇది దారి.

మన ఇళ్లలో ఒక అపోహ ఉన్నది. బీఎడ్ పెద్ద చదువు, డీఎల్ఈడీ చిన్న చదువు, డిగ్రీ అయినవారు మళ్లీ ఇంటర్ అర్హతతో చదివే కోర్సులో చేరితే నామోషీ అని. తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన డీఎస్సీ ప్రకటన లెక్క చూడండి. మొత్తం 11,062 ఖాళీలు. వాటిలో స్కూల్ అసిస్టెంటు ఉద్యోగాలు 2,629. ఎస్‌జీటీ ఉద్యోగాలు 6,508. మనం చిన్నదనుకున్న తలుపు అవతలే ఎక్కువ ఖాళీలున్నాయి. ప్రతి డీఎస్సీలోనూ ఇదే లెక్క ఉంటుందని నేను చెప్పను. అయినా చిన్నపిల్లలకు చెప్పే పని తక్కువ పని కాదు, దాని చదువు తక్కువ చదువు కాదు అని మన తల్లిదండ్రులు గ్రహించాలి. అక్షరం దిద్దించినవారిని మనం బతికినంతకాలం మరచిపోము గదా!

ఈ రెండూ కాక మూడవ దారి ఒకటి కొత్తగా వచ్చింది. ఇంటర్ తరువాత డిగ్రీ, బీఎడ్ కలిపి 4 సంవత్సరాల్లో ముగించే సమీకృత కోర్సు ఇది. 2023-24 విద్యాసంవత్సరం నుండి కొన్ని విద్యాసంస్థల్లో మొదలయింది. దీనికి దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష ఉంటుంది. దానిని ఎన్‌సెట్ అంటారు. ఇంటర్ చదువుతున్న పిల్లలున్న ఇళ్లవారు దీనిని కూడా మనసులో ఉంచుకోవాలి. 2020 జాతీయ విద్యా విధానం రాబోయే కాలంలో ఈ 4 సంవత్సరాల చదువునే టీచరుకు కనీస అర్హతగా చేయాలని చెబుతున్నది.

బీఎడ్‌లో చేరాలంటే

మన రాష్ట్రంలో బీఎడ్ ప్రవేశాలకు ఎడ్‌సెట్ రాయాలి. ఉన్నత విద్యా మండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం దీనిని జరుపుతుంది. 2024లో నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2025లో వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం జరిపాయి. కనుక పాత సంవత్సరపు కాగితం పట్టుకొని తిరగకూడదు. ఆ యేటి ప్రకటననే చదవాలి.

మార్కుల సంగతి. డిగ్రీలో గాని పీజీలో గాని మొత్తం మీద 50 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ మొదలైన రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం చాలు. ఇది తెలియక "నాకు 47 శాతమే, నాకు బీఎడ్ రాదు" అని కూలికి పోయిన పిల్లలు నాకు తెలుసు. డిగ్రీ చదవకుండా నేరుగా పీజీ మాత్రమే చేసినవారు అర్హులు కారు. వైద్యం, వ్యవసాయం, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి వృత్తి డిగ్రీల వారు కూడా అర్హులు కారు. డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్నవారు పరీక్ష రాయవచ్చు గాని, చేరే నాటికి ఉత్తీర్ణులై ఉండాలి.

వయసు సంగతి. 19 సంవత్సరాలు నిండాలి. పై హద్దు లేదు. పెళ్లయి పిల్లలు బడికి వెళ్తున్న మన సహోదరీలు, "ఇక మా వయసు అయిపోయింది" అనుకోనక్కరలేదు.

పరీక్ష సంగతి. 150 ప్రశ్నలు, 150 మార్కులు, 2 గంటలు. కంప్యూటరు మీద రాయాలి. గణితం, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం కలిపి 60 మార్కులు. బోధనాభిరుచికి 20, ఇంగ్లీషుకు 20, జనరల్ నాలెడ్జి మరియు విద్యా విషయాలకు 30, కంప్యూటరు పరిజ్ఞానానికి 20. ఏ డిగ్రీ చదివినవారైనా అందరికీ ఒకటే ప్రశ్నపత్రం. కనుక బీఏ చదివినవారు పదో తరగతి లెక్కలు, సైన్సు పుస్తకాలు మళ్లీ తెరవాలి. ర్యాంకు కోసం కనీసం 25 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసపు హద్దు లేదు.

ఇంకొక సంగతి. బీఎడ్‌లో మీరు ఏ సబ్జెక్టు బోధన నేర్చుకోవచ్చో మీ డిగ్రీలోని సబ్జెక్టులనుబట్టి నిర్ణయిస్తారు. దానినే మెథడాలజీ అంటారు. గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం, ఇంగ్లీషు, ప్రాచ్య భాషలు అని ఉంటాయి. రేపు మీరు ఏ సబ్జెక్టు టీచరుగా దరఖాస్తు పెట్టవచ్చో దీని మీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే డిగ్రీలో చేరే రోజునే, ఇంకా చెప్పాలంటే ఇంటర్లో గ్రూపు ఎంచుకునే రోజునే, ఈ మాట ఆలోచించాలి. డిగ్రీ అయిపోయిన తరువాత ఆలోచిస్తే చేయగలిగింది తక్కువ.

మా తూర్పు వైపు కుటుంబాలకు ఒక మేలు ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యా కళాశాల క్యాంపస్‌లోనే ఉన్నది. నాచారం నుండి తార్నాక దాటితే చాలు. ప్రభుత్వపు మరొక పెద్ద బీఎడ్ కళాశాల మాసబ్‌ట్యాంకులో ఉన్నది. ర్యాంకు మంచిదైతే మొదట ఇలాంటివాటినే కోరుకోవాలి.

డీఎల్ఈడీలో చేరాలంటే

దీనికి డీఈఈసెట్ రాయాలి. ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు 45 శాతం. ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. బీఎడ్‌లో బీసీలకు ఉన్న 40 శాతం సడలింపు ఇక్కడ లేదు. బీసీలైనా 50 ఉండవలసిందే. వయసు 17 నిండాలి, పై హద్దు లేదు. డిగ్రీ చదివినవారు కూడా తమ ఇంటర్ మార్కులతో రాయవచ్చు.

ప్రతి పాత జిల్లాకు ప్రభుత్వ డైట్ కళాశాల ఉంటుంది. హైదరాబాదు డైట్ నేరేడ్‌మెట్‌లో ఉన్నది. మా నాగారం నుండి ఈసీఐఎల్ మీదుగా వెళ్లి రాగలిగిన దూరమే.

"హాజరు అక్కరలేదు" అనేవాని మాట

ఇప్పుడు ఆ తండ్రి చెప్పిన ఏజెంటు సంగతికి వస్తాను. నేను ఆయనకు ఇట్లా చెప్పాను.

"తమ్ముడూ, బీఎడ్ అంటే పుస్తకం చదివి పరీక్ష రాసే చదువు కాదు. 2 సంవత్సరాల్లో 20 వారాలు నిజమైన బడిలో, నిజమైన పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి. తరగతులకు 80 శాతం హాజరు, బడిలో శిక్షణకు 90 శాతం హాజరు ఉండాలని ఎన్‌సీటీఈ నిబంధన. మరి పోకుండానే సర్టిఫికెట్ ఇస్తానన్నవాడు ఎవరో ఒకరి చేత దొంగ సంతకాలు పెట్టించక తప్పదు. ఆ సంతకాలు నీ బిడ్డ పేరు మీద ఉంటాయి."

ఇంకొకటి కూడా చెప్పాను. ఏ కళాశాలకైనా ఎన్‌సీటీఈ గుర్తింపు ఉండాలి. గుర్తింపు రద్దయిన తరువాత నడిపిన కోర్సు సర్టిఫికెట్ ప్రభుత్వోద్యోగానికి చెల్లదని 1993 నాటి ఎన్‌సీటీఈ చట్టమే చెబుతున్నది. సర్టిఫికెట్ చేతికి వస్తుంది, గోడకు తగిలించుకోవచ్చు. కాని డీఎస్సీలో కాగితాల పరిశీలన నాడు బల్ల అవతలి అధికారి దానిని పక్కన పెడతాడు. అప్పటికి డబ్బు పోయింది, రెండేళ్లు పోయాయి, పెళ్లి సంబంధాలు వచ్చే వయసూ పోయింది.

దూరవిద్య ద్వారా బీఎడ్ లేదా అని కొందరు అడుగుతారు. ఉన్నది. అయితే అది ముఖ్యంగా ఇప్పటికే డీఎల్ఈడీ వంటి శిక్షణ పొందినవారి కోసం ఉద్దేశించినది. అప్పుడే డిగ్రీ అయిన పిల్లలకు కాదు.

అలాగే "బీఎడ్ మళ్లీ ఒక్క సంవత్సరమే అవుతున్నదట" అనే మాట కూడా ఊళ్లలో తిరుగుతున్నది. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ ఒక ముసాయిదా ప్రకటించిన మాట నిజమే. అందులో 4 సంవత్సరాల డిగ్రీ లేక పీజీ చేసినవారికి 1 సంవత్సరపు బీఎడ్ అనే ప్రతిపాదన ఉన్నది. అందరికీ కాదు. పైగా ముసాయిదాను నమ్మి ఎవరికీ అడ్వాన్సు కట్టకూడదు. 2018 ప్రకటనను నమ్మి నేనేమి చేశానో పైన రాశాను గదా.

కులం గడిలో ఏమి రాయాలి?

సంచిలోని కాగితాలన్నీ చూచాను. ఇంటర్లో 58 శాతం, డిగ్రీలో 47 శాతం. పదో తరగతి మెమో, టీసీలు సక్రమంగా ఉన్నాయి. అడుగున కుల ధృవీకరణ పత్రం ఉన్నది. అందులో ఎస్సీ అని ఉన్నది.

నేను చాలాసేపు మాట్లాడలేదు. ఆ కుటుంబం మూడు తరాలుగా క్రైస్తవులు. తాతగారి బాప్తిస్మము వారి ఊరి సంఘపు రిజిస్టరులో ఉన్నది. ఈ అమ్మాయి బాప్తిస్మము మా రిజిస్టరులో ఉన్నది. రాసింది నా చేయే.

మనలో చాలామందికి ఇది తెలిసిన నొప్పి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులను మాత్రమే ఎస్సీలుగా గుర్తించారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని బీసీ-సి గ్రూపులో పెట్టారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే, బీసీ-సి గ్రూపుకు 1 శాతం. ఊరిలో వాడ మారలేదు, పని మారలేదు, చూచే చూపు మారలేదు, గడి మాత్రం మారింది అని మన పెద్దలు అంటే నేను కాదనలేను. ఎస్టీల విషయం వేరు. లంబాడీ, కోయ మొదలైన గిరిజన విశ్వాసులకు మతం మారినందువలన ఎస్టీ హోదా పోదు.

"అయ్యగారూ, ఊరి బడిల అట్లనే రాసిండ్రు. అందరు అట్లనే పెట్టుకుంటున్నరు. డీఎల్ఈడీ సీటు ఎస్సీల ఐతే అల్కగ అస్తది. మీరు చర్చి కాయితం అడిగితే ఇయ్యకుర్రి, గంతే" అన్నాడు తండ్రి. అతని గొంతులో మోసం లేదు, భయం ఉన్నది.

నేను నా మనసులోని మాట చెప్పాను. ఈ విభజన అన్యాయమని మనం నమ్మితే, దానిని బహిరంగంగా అడగాలి. కోర్టుల్లో ఆ వాదన చాలాకాలంగా నడుస్తున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన దీనిమీద ఒక కమిషన్‌ను కూడా వేసింది. అడగడం మన హక్కు. కాని ఒక ఆడపిల్ల దరఖాస్తులో తప్పు గడి నింపించి, ఆ భారమంతా ఆమె ఒక్కదాని తల మీద పెట్టడం న్యాయపోరాటం కాదు. కుల ధృవీకరణ పత్రాలకు సంబంధించి 1993లో చేసిన చట్టం ఉన్నది. పత్రం తప్పని తేలితే సీటు పోతుంది, ఉద్యోగం వచ్చిన తరువాత తేలితే ఉద్యోగం పోతుంది, జైలు శిక్ష కూడా ఉన్నది. ఊరిలో గిట్టనివాడొకడు ఒక్క ఉత్తరం రాస్తే చాలు. ఇరవై ఏళ్ల సర్వీసు తరువాత కూడా ఆ భయంతోనే పడుకోవాలి.

ఆ తండ్రి లేచి వెళ్లిపోయాడు. తరువాత మూడు వారాలు ఆరాధనకు రాలేదు. నేను కఠినంగా మాట్లాడానేమో, ఒక పేదవాని నోటి దగ్గరి ముద్ద తీసివేశానేమో అని నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో అమ్మగారు ఒక మాట అన్నది. "మీరు వద్దని చెప్పి ఊరుకున్నారు. ఏమి చేయవచ్చో చెప్పలేదు."

ఆ మాట నిజం. మరునాడే వారింటికి వెళ్లాను. కూర్చొని లెక్క వేశాము. ఇంటర్లో 58 శాతం ఉన్నది. బీసీగా రాసినా డీఎల్ఈడీకి కావలసిన 50 దాటింది. సడలింపు ఆమెకు అవసరమే లేదు! డిగ్రీలో 47 ఉన్నది. బీసీకి ఎడ్‌సెట్‌కు 40 చాలు. అంటే సరైన గడి నింపినా రెండు తలుపులూ ఆమెకు తెరిచే ఉన్నాయి. పోటీ మాత్రం ఎక్కువ. దానికి మందు చదువు.

ఆ అమ్మాయి అప్పటిదాకా మౌనంగా విన్నది. అప్పుడు తండ్రితో, "నానా, నేను సదువుకుంట. భయపడుకుంట కొలువు చెయ్యలేను" అన్నది.

మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు కార్యాలయం చుట్టూ కొన్నాళ్లు తిరిగిన తరువాత బీసీ-సి పత్రం వచ్చింది. ఆమె డీఈఈసెట్ రాసింది. సీటు వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి ప్రాంతపు ఒక కేసులో తీర్పు చెప్పింది. క్రైస్తవ విశ్వాసంలో కొనసాగుతూ ఉద్యోగం కోసం మాత్రమే ఎస్సీ పత్రం కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమే అవుతుందన్నది. ఆ వార్త వచ్చిన సాయంత్రం ఆ తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఏమీ అనలేదు. టీ తాగి, వెళ్లేటప్పుడు నా చేయి పట్టుకొని కొంచెంసేపు నిలబడ్డాడు.

తల్లిదండ్రులు ఈ సంవత్సరమే చేయవలసినవి

పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చినప్పటి నుండి ప్రతి సంవత్సరపు స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్త పరచండి. ప్రవేశ సమయంలో తొమ్మిదో తరగతి నుండి డిగ్రీ వరకు అవి అడుగుతారు. 85 శాతం సీట్లు స్థానికులకే గనుక, ఎక్కడ చదివారన్నది ముఖ్యమవుతుంది. పల్లె విడిచి పట్నం వచ్చిన కుటుంబాలలో ఇవే పోతుంటాయి.

పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల పత్రంలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మన పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బాప్తిస్మములో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉంటాయి. బడిలో రాసిన పేరే చివరిదాకా నడుస్తుంది.

ఆదాయ ధృవీకరణ పత్రం ముందుగానే తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు అది తప్పనిసరి. బీసీలకు కూడా ఆ పథకం ఉన్నది.

కోర్సు ముగిసిన తరువాత టెట్ ఉన్నదని మరచిపోకండి. డీఎల్ఈడీ వారికి మొదటి పేపరు, బీఎడ్ వారికి రెండవ పేపరు. 150 మార్కులకు ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు 40 రావాలి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. 2024 డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం విలువ ఇచ్చారు. కనుక గట్టెక్కితే చాలనుకోక, ఎక్కువ మార్కులకే ప్రయత్నించాలి.

ఇక సంఘ కాపరులకు, పెద్దలకు ఒక మనవి. వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం, చదువుకున్న ఒకరిద్దరిని కూర్చోబెట్టి ఆ యేటి ప్రకటనను యౌవనులందరికీ బిగ్గరగా చదివి వినిపించండి. గంటన్నర చాలు. చాలా అప్పులు, చాలా కన్నీళ్లు ఆ గంటన్నర వలన తప్పుతాయి. ప్రకటన చదవకుండా మాత్రం సలహా ఇవ్వకండి, నాలాగ.

మా సంఘంలో ఈ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో తెలుసా? 2019లో నా మాట విని బీఎడ్‌లో చేరిన ఆ యౌవనుడే. అతడు ఒక చిన్న ప్రైవేటు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతూ స్కూల్ అసిస్టెంటు ఉద్యోగానికి చదువుకుంటున్నాడు. ఆ అమ్మాయికి డీఈఈసెట్ కోసం రోజూ సాయంత్రం పాఠం చెప్పింది అతడే. నన్ను క్షమించావా అని నేను అతణ్ణి అడిగాను. "ఈసారి నోటిఫికేషన్ నేను చదువుత, మీరు ప్రార్థన చేయుర్రి అయ్యగారూ" అని నవ్వాడు.

ఆ అమ్మాయి చదువు ఆఖరుకు వచ్చింది. బడిలో శిక్షణకు వెళ్లిన మొదటి రోజు ఒకటో తరగతి పిల్లవాడొకడు పలక పట్టుకొని ఆమె వెనుకనే తిరిగాడట. అ ఆ లు దిద్దించి పంపానని చెబుతుంటే ఆమె ముఖం చూడవలసిందే. ఆమెకు టెట్ ఉన్నది, ఆ తరువాత డీఎస్సీ ఉన్నది. అవి ఎప్పుడు వస్తాయో, ఏమవుతుందో దేవునికే తెలుసు. అయితే ఆమె సంచిలోని కాగితాలలో దాచిపెట్టవలసినది ఒక్కటీ లేదు. దాని కోసం ఆ తల్లిదండ్రులు చెల్లించిన వెల నాకు తెలుసు. మీ ప్రార్థనలలో ఆ కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకొనండి.